పీపాలో పెరిగిన పాత షార్డొనే: పక్వమైందా, గాలి తగిలి పోయిందా?

నీలిసీసా
శనివారం, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. ఇప్పుడే ఒక వైన్ సీసా తెరిచాను, గ్లాసు ఇంకా పక్కనే ఉంది. ఫ్రాన్స్‌లో బుర్గుండీ ప్రాంతపు మెర్సో ఊరిది, 2014 పంట. ఓక్ పీపాల్లోనే పులియబెట్టి, పీపాల్లోనే ఉంచిన షార్డొనే, అంటే ఆ పేరున్న తెల్ల ద్రాక్షతో చేసిన వైన్. ఇవి మొత్తం మూడు సీసాలు, మూడూ ఒకే పెట్టెలోవి. కొన్నప్పటి నుంచి ఒకే చోట, చల్లగా, చీకట్లో పడుకోబెట్టి ఉంచాను.

పోయగానే గుండె జారింది. లేత బంగారు రంగు వస్తుందనుకుంటే ముదురు తేనె రంగు వచ్చింది. అంచు దగ్గర కూడా పలచబడలేదు. ముక్కు దగ్గర పెడితే ముందు తేనె, కాల్చిన బాదం. ఆ వెనకే కోసి వదిలేసిన ఆపిల్ ముక్క. ఆ తర్వాత మెంతులు, అదీ స్పష్టంగా. నోట్లో చిక్కగానే మొదలవుతోంది కానీ మింగగానే ఏమీ మిగలడం లేదు.

పాత షార్డొనేలో తేనె, గింజల వాసనలు వస్తాయని చదివాను. అందుకే ఇది పక్వమై ఇలా ఉందా, లేక పాడైందా అన్నది తేల్చుకోలేకపోతున్నాను. మిగతా రెండు సీసాల సంగతీ దీన్ని బట్టే చూడాలి. ఎలా అంచనా వేయాలో కాస్త చెప్పండి.

పాతపీపా
శనివారం, రాత్రి 9:32

నీలిసీసా గారూ, మిగతా మాటలు తర్వాత, ముందు ఒక పని చేయండి. ఖాళీ సగం సీసా, అదే 375 మిల్లీలీటర్లది, ఉంటే శుభ్రంగా కడిగి ఈ వైన్‌ను మెడ దాకా పోసి మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టండి. లోపల గాలికి చోటు లేకపోతే ఒకటి రెండు రోజులు పెద్దగా మారదు. రేపు పోల్చి చూడటానికి పనికొస్తుంది.

ఇంకోటి, ఎంత చల్లగా తాగుతున్నారు? ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే అయితే ఇప్పుడే ఏ నిర్ణయానికీ రాకండి. ఈ తరహా వైన్‌కు 11 నుంచి 13 డిగ్రీలు సరిపోతాయి. మరీ చల్లగా ఉంటే పండు దాక్కుని పులుపూ చెక్క వగరూ మాత్రమే తెలుస్తాయి.

నీలిసీసా
శనివారం, రాత్రి 9:41

సగం సీసా నింపి పెట్టేశాను. థర్మామీటర్‌తో చూశాను, గ్లాసులో 12 డిగ్రీలుంది.

ముక్కుసూటి
శనివారం, రాత్రి 9:58

అయితే ఉష్ణోగ్రత తప్పు లేదు. ముదురు రంగు, కోసిన ఆపిల్, మెంతులు, చివర ఖాళీ. నాలుగూ ఒకే మాట చెబుతున్నాయి, ఇది ఆక్సీకరణ, అంటే గాలి తగిలి చెడటం. కోసిన ఆపిల్ వాసన అసిటాల్డిహైడ్ అనే పదార్థానిది. మెంతుల వాసన సోటొలాన్ అనే పదార్థానిది. నిజం మెంతులకు ఆ వాసన ఇచ్చేదీ ఇదే పదార్థం, కాబట్టి మీ ముక్కు పొరపడలేదు.

బుర్గుండీ తెల్ల వైన్లను ఇష్టపడేవాళ్లందరికీ ఇది పాత గాయం. 1990ల మధ్య నాటి పంటల్లో పదిహేనేళ్లు హాయిగా నిలవాల్సిన సీసాలు ఆరేడేళ్లకే ముదిరిపోవడం 2000ల మొదట్లో బయటపడింది. దాన్నే ప్రీమాక్స్ అంటున్నారు, అకాల ఆక్సీకరణ అన్నమాట. గాలిని సరిగా ఆపని కార్కులు, వైన్‌ను గాలి నుంచి కాపాడే సల్ఫర్ డయాక్సైడ్ తగ్గించి వాడటం, ద్రాక్షను మరీ మెత్తగా పిండే ప్రెస్సులు, పీపా అడుగున చేరిన ఈస్ట్ మడ్డిని అతిగా కలపడం, ఇన్నింటి మీదా వేలు చూపించారు. ఆ తర్వాత చాలామంది మూతలే మార్చేశారు. కార్కును పొడి చేసి, కార్బన్ డయాక్సైడ్‌తో శుద్ధి చేసి, మళ్లీ అచ్చుపోసే డియామ్ మూతలు బుర్గుండీలో ఇప్పుడు మామూలే.

ద్రాక్షపందిరి
శనివారం, రాత్రి 10:20

ముక్కుసూటి గారితో ఈ సీసా విషయంలో ఏకీభవిస్తాను. కానీ మెంతుల వాసన వస్తే పాడైనట్టే అని కొత్తవాళ్లు రాసుకుంటారేమోనని భయంగా ఉంది. ఫ్రాన్స్‌లోనే జురా ప్రాంతంలో వాఁ జోన్ అనే వైన్ చేస్తారు. సవన్యాఁ ద్రాక్షతో చేసిన వైన్‌ను కనీసం ఆరేళ్ల మూడు నెలలు వదిలేస్తారు. పీపా తరిగినా మళ్లీ నింపరు, పైన ఈస్ట్ పొర కడుతుంది. దాని గొప్పతనమంతా ఆ సోటొలాన్‌లోనే ఉంది. అక్కడి షార్డొనేలు కొన్నింటిని కూడా ఇదే పద్ధతిలో పెంచుతారు. అవి తాగి ఎవరైనా పాడైపోయిందంటే నాకు కష్టంగా ఉంటుంది.

చేసినవాళ్లు దేనికోసం చేశారన్నది ముందు చూడాలి. మెర్సోలో పీపాలు తరగకుండా నింపుతూ, గాలి తగలకుండా కాపాడుకుంటూ వస్తారు. అలా కాపాడిన వైన్‌లోకి మెంతులు వచ్చాయంటే అవి పిలవకుండా వచ్చినవే. ఇంకో తేడా కూడా ఉంది. వాఁ జోన్‌లో ఆ వాసన వెనక పులుపూ ఉప్పదనమూ నోట్లో చాలాసేపు నిలుస్తాయి. మీకు మింగగానే ఖాళీ అయిందన్నారు. నాకు రంగు కన్నా, వాసన కన్నా ఆ మాటే ఎక్కువ చెప్పింది.

కొత్తచిగురు
శనివారం, రాత్రి 10:47

నేను ఈమధ్యే నేర్చుకుంటున్నాను, ఒక సందేహం అడగొచ్చా? ఇలాంటి వైన్‌లో ఏ వాసన ద్రాక్షది, ఏది చెక్కది, ఏది వయసుది అని మీరంతా ఎలా విడదీస్తారు? నాకు అన్నీ కలిసి ఒకే ముద్దగా తెలుస్తాయి. గింజల వాసన వస్తే అది పీపాదా, పాతబడటం వల్ల వచ్చిందా అన్న దగ్గరే ఆగిపోతాను.

పాతపీపా
శనివారం, రాత్రి 11:35

కొత్తచిగురు గారూ, నాకూ ఏళ్లు పట్టింది. కాస్త వివరంగా రాస్తాను.

షార్డొనే స్వతహాగా గొంతు పెద్దదున్న ద్రాక్ష కాదు. ఇది పినో న్వార్‌కూ, గువే బ్లాఁ అనే ద్రాక్షకూ పుట్టిన సంకరమని 1999లో డీఎన్ఏ పరీక్షలతో తేలింది. మస్కట్ ద్రాక్షలా గది అవతలి నుంచి పసిగట్టగల వాసన దీనికి లేదు. నిమ్మ, ఆపిల్, వేడి ప్రాంతమైతే పీచ్, పైనాపిల్, అంతే. అందుకే తయారుచేసిన చేయి దీని మీద పడ్డంతగా వేరే ద్రాక్ష మీద పడదు. అలా పడ్డవాటిని అవి ఎక్కడ పుట్టాయో చూసి విడదీయాలి.

వెనీలా, లవంగం, పొగ, కొబ్బరి చెక్కవి. లవంగం యూజినాల్‌ది, పొగ గ్వాయకాల్‌ది, అంటే పీపా లోపలి భాగాన్ని మంట మీద కాల్చినప్పుడు పుట్టింది. కొబ్బరి ఓక్ లాక్టోన్లది, అమెరికన్ ఓక్‌లో ఎక్కువ, ఫ్రెంచ్ ఓక్‌లో బాగా తక్కువ. వెన్న వాసన చెక్కది కాదు, చాలామంది ఇక్కడే పొరపడతారు. ఆపిల్‌లో ఉండే మాలిక్ ఆమ్లాన్ని బాక్టీరియా మెత్తటి లాక్టిక్ ఆమ్లంగా మార్చేటప్పుడు డయాసిటైల్ పుడుతుంది, వెన్న దానిదే. చచ్చిన ఈస్ట్ అడుగున మడ్డిగా చేరుతుంది. రొట్టె, మీగడ వాసనలూ నోట్లో ఆ గుండ్రదనమూ దానివల్ల వస్తాయి.

ఇక వయసు. హేజెల్‌నట్, ఎండుగడ్డి, పుట్టగొడుగు, తేనెమైనం. మీరడిగిన గింజల వాసనకు నాకు తెలిసిన గుర్తు ఒకటుంది. పీపా వల్ల వచ్చిన గింజ వాసన ఎప్పుడూ కాల్చిన గింజే, దాని పక్కన లవంగమో పొగో తోడుంటుంది. వయసు తెచ్చిన గింజ వాసన పచ్చిగా, నూనెగా, తొక్క తీసిన హేజెల్‌నట్‌ను నమిలినట్టు ఉంటుంది. తేనెను మాత్రం ఒంటరిగా నమ్మకండి. ఫినైల్‌అసిటాల్డిహైడ్ అనే పదార్థానిదీ తేనె వాసనే, ఆక్సీకరణ మొదలైనప్పుడు అది పెరుగుతుంది. తేనె పక్కన నిమ్మ తొక్కో, పచ్చి ఆపిలో ఇంకా బతికుంటే అది వయసు. తేనె పక్కన వాడిన ఆపిల్ ఉంటే అనుమానించాలి.

ఇంకో మాట, ఇది రాయకుండా ఉండలేను. పీపాలో పులియబెట్టిన వైన్, స్టీలు ట్యాంకులో పులిసిన తర్వాత పీపాలోకి పోసిన వైన్ ఒకటి కావు. వినడానికి విచిత్రంగా ఉన్నా, మొదటిదానిలోనే చెక్క తక్కువ తెలుస్తుంది. ఎందుకంటే పనిలో ఉన్న ఈస్ట్ వెనీలిన్‌ను పట్టుకుని వాసన తక్కువున్న ఆల్కహాల్‌గా మార్చేస్తుంది. తర్వాత పోసిన వైన్‌లో ఆ పని చేసే ఈస్ట్ ఉండదు, అందుకే చెక్క పూసినట్టు విడిగా కనిపిస్తుంది. బుర్గుండీ పీపా 228 లీటర్లు. కొత్తప్పుడు ఇచ్చినంత వాసన రెండోసారి ఇవ్వదు, మూడు నాలుగుసార్లు వాడాక దాదాపు ఏమీ ఇవ్వదు.

పదేళ్లు దాటిన వైన్‌లో నేను చెక్కను ముక్కుతో కాక చిగుళ్లతో వెతుకుతాను. ఓక్ వగరు చిగుళ్ల మీద, బుగ్గల లోపల ఆరిపోయినట్టు తెలుస్తుంది. ఇన్నేళ్లయినా పండు కంటే ఆ వగరే ఎక్కువసేపు నిలిస్తే పీపా ఆ వైన్‌కు బరువైందని అర్థం. ఇక అది కలవదు.

కొత్తచిగురు
శనివారం, రాత్రి 11:50

పాతపీపా గారూ, ఇది కాగితం మీద రాసుకున్నాను. చాలా చాలా కృతజ్ఞతలు.

నల్లగ్లాసు
ఆదివారం, ఉదయం 7:15

రాత్రి చర్చంతా ఇప్పుడే చదివాను. మీరెవరూ అడగని ప్రశ్న ఒకటుంది. నీలిసీసా గారు రంగు ముందు చూశారు, వాసన తర్వాత చూశారు. ముదురు తేనె రంగు చూసి గుండె జారిందని ఆయనే రాశారు. మరి ఆ తర్వాత తేనె వాసన ముక్కు చెప్పిందా, కన్ను చెప్పిందా?

2001లో బోర్డో విశ్వవిద్యాలయంలో చేసిన ప్రయోగం ఒకటి అచ్చయింది. వాసన లేని రంగు కలిపి ఒక తెల్ల వైన్‌ను ఎర్రగా మార్చి 54 మంది ముందు పెట్టారు. వాళ్లు ఎర్ర వైన్లకు వాడే మాటలతోనే దాన్ని వర్ణించారు. వాళ్లందరూ ఈ చదువు చదువుతున్నవాళ్లే. కన్ను ముక్కును అంత సులభంగా లాక్కుపోతుంది.

అందుకని నా సలహా. ఇవాళ రెండో సీసా తెరవండి. మీరు కాకుండా ఇంకెవరైనా పోయాలి. గ్లాసుల బయట నల్ల కాగితం చుట్టండి, గదిలో వెలుతురు తగ్గించండి. ఒకదానిలో నిన్నటి సగం సీసా, ఒకదానిలో కొత్తది, మూడోదానిలో పీపా తగలని కుర్ర షార్డొనే ఏదైనా. అన్నీ ఒకే ఉష్ణోగ్రతలో ఉండాలి. ఏది ఏదో తెలియక ముందే రాయడం పూర్తి చేయండి.

ద్రాక్షపందిరి
ఆదివారం, ఉదయం 8:02

నల్లగ్లాసు గారి మాట నూటికి నూరుపాళ్లు నిజం. కన్ను మూస్తేనే నిజం బయటపడుతుంది. పారిస్‌లో 1976 మే 24న ఫ్రెంచ్ రుచిచూపరులు లేబుళ్లు చూడకుండా తాగి, బుర్గుండీ వైన్లను పక్కనపెట్టి కాలిఫోర్నియా షాతో మాంటెలీనా 1973 షార్డొనేను మొదటి స్థానంలో నిలబెట్టారు. లేబుల్ కనిపించి ఉంటే అలా జరిగేదని నేననుకోను.

ఒక్క జాగ్రత్త. సగం సీసా ఎంత నింపినా ఒక రాత్రి గడిచింది, పోసేటప్పుడు కొంత గాలి కలిసే ఉంటుంది. కాబట్టి రెంటి మధ్య కొద్దిపాటి తేడా వస్తే పట్టించుకోకండి. పెద్ద తేడా వస్తేనే లెక్క.

ముక్కుసూటి
ఆదివారం, ఉదయం 8:30

కార్కులు పారేయకండి. రెండూ పక్కపక్కన పెట్టి పక్కల మీద మరక ఎంతదాకా ఎక్కిందో చూడండి.

నీలిసీసా
ఆదివారం, రాత్రి 8:55

చేశాను. మా ఆవిడ పక్క గదిలో పోసి, అంకెలు రాసిన చీటీలు గ్లాసుల కిందపెట్టి తెచ్చింది. మూడూ 12 డిగ్రీలే. నేను రాసుకున్నది దిద్దకుండా ఇక్కడ పెడుతున్నాను.

ఒకటో గ్లాసు: పచ్చి ఆపిల్, నిమ్మ, తడి రాయి. పులుపు సూటిగా ఉంది. చెక్క లేదు. మింగాక రుచి 8 సెకన్లు నిలిచింది.

రెండో గ్లాసు: మొదట అగ్గిపుల్ల గీసినప్పటి వాసన, కొంచెం ఘాటుగా. ఐదు నిమిషాలకు అది పక్కకు తప్పుకుంది. నిమ్మ తొక్క, తెల్ల పీచ్, హేజెల్‌నట్, పాతపీపా గారన్నట్టు పచ్చి హేజెల్‌నట్. వెనక ఎక్కడో లవంగం. నోట్లో మీగడలా తిరిగి, మధ్యలో పులుపు నిటారుగా లేచింది. చిగుళ్లు ఆరలేదు. 17 సెకన్లు లెక్కపెట్టాను, చివరిదాకా నిమ్మ తొక్క ఉంది.

మూడో గ్లాసు: తేనె, వాడిన ఆపిల్, మెంతులు. నోరు పెట్టగానే చిక్కగా ఉంది కానీ నాలుగైదు సెకన్లకే పోయింది. చివర చేదు.

మూడోది నిన్నటి సీసా. రెండోది ఇవాళ తెరిచింది. ఒకే పెట్టె, ఒకే పంట, పక్కపక్కన పడుకున్న సీసాలు! కాగితం తీసి చూస్తే రెండో గ్లాసు లేత బంగారం, అంచున ఇంకా ఆకుపచ్చ ఛాయ కూడా ఉంది. ఆ రెండు గ్లాసులను తెల్ల కాగితం మీద పెట్టి చాలాసేపు చూస్తూ ఉండిపోయాను.

కార్కుల సంగతి. నిన్నటి కార్కు ఒక పక్క మరక సన్నటి గీతలా పై అంచుదాకా ఎక్కింది, గోరుతో గీరితే ఆ గీత మెత్తగా ఉంది. ఇవాళ్టి కార్కు అడుగున తప్ప తడే లేదు.

ముక్కుసూటి
ఆదివారం, రాత్రి 9:20

ఆ గీతే ముద్దాయి. ఇక ఆ సీసా విషయంలో నాకు వాదన లేదు. ప్రీమాక్స్‌లో మనసును బాగా కష్టపెట్టేది ఇదే, పెట్టె మొత్తం ఒకేలా పోదు. ఒకటి చచ్చిపోతుంది, పక్కది వెలిగిపోతుంది. ఒక్క సీసా తాగి ఆ పంట మీద తీర్పు రాసేవాళ్లను చూస్తే నాకు కోపం అందుకే.

కొత్తచిగురు
ఆదివారం, రాత్రి 9:34

అగ్గిపుల్ల వాసన లోపం కాదా? నేనైతే దానికి మార్కులు తీసేసేవాణ్ని.

పాతపీపా
ఆదివారం, రాత్రి 10:05

ఎంత ఉందన్నదే లెక్క. అది బెంజీన్‌మీథేన్‌థయాల్ అనే సల్ఫర్ పదార్థానిది. గాలి తక్కువగా తగిలి, మడ్డి మీద ఎక్కువకాలం ఉన్న షార్డొనేల్లో వస్తుంది. గాలి తక్కువ తగిలిందనడానికి అదే సాక్ష్యం కాబట్టి పాత సీసాలో అది కనిపిస్తే నాకు ముందు ధైర్యం వస్తుంది. నీలిసీసా గారి గ్లాసులో ఐదు నిమిషాల్లో తప్పుకుని పండుకు దారి ఇచ్చింది, అలా ఉండటమే అందం. అరగంట తిప్పినా పోకుండా, కుళ్లిన గుడ్డు వైపు మళ్లితే మాత్రం లోపమే. వెడల్పు బొజ్జ ఉన్న గ్లాసులో పోస్తే త్వరగా విచ్చుకుంటుంది.

ఆక్సీకరణ దీనికి తలకిందులు. గాలి తగిలేకొద్దీ అగ్గిపుల్ల తగ్గుతుంది, మెంతులు పెరుగుతాయి. అనుమానం వచ్చినప్పుడు ఇరవై నిమిషాలు ఆగి మళ్లీ వాసన చూడండి, ఏ దిక్కుగా నడుస్తోందో వైనే చెబుతుంది.

నీలిసీసా
ఆదివారం, రాత్రి 10:18

రెండో సీసాకు మార్కులు వేయాలనిపిస్తోంది. వందకా, ఇరవైకా? ఎలా వేస్తారు మీరు?

ద్రాక్షపందిరి
ఆదివారం, రాత్రి 10:40

నేను అంకె చివర వేస్తాను, కొన్నిసార్లు వేయను కూడా. ముందు నాలుగు ప్రశ్నలకు మాటల్లో జవాబు రాసుకుంటాను. పులుపు, చిక్కదనం, చెక్క, ఆల్కహాల్ ఒకదాన్నొకటి తొక్కకుండా ఉన్నాయా? నోట్లో ఎంతసేపు నిలిచింది? వాసనలు ఎంత గట్టిగా ఉన్నాయి? తాగుతున్నకొద్దీ కొత్తవి వస్తున్నాయా? మీరు సెకన్లు లెక్కపెట్టడం చూసి సంతోషం వేసింది. ఫ్రెంచ్‌వాళ్లు దానికి కోదలీ అనే కొలమానమే పెట్టుకున్నారు, ఒక కోదలీ అంటే ఒక సెకను. 17 అంటే చాలా మంచి వైన్. కానీ నన్నడిగితే చివరిదాకా నిలిచింది నిమ్మ తొక్క అన్నారు చూశారా, ఆ మాట 17 కన్నా విలువైనది. ఎంతసేపు నిలిచిందన్నదే కాదు, ఏది నిలిచిందన్నదీ చూడాలి. వగరో చేదో ఇరవై సెకన్లు నిలిస్తే ఏం లాభం?

నల్లగ్లాసు
ఆదివారం, రాత్రి 10:52

మూడో సీసా ఏం చేస్తారు?

ముక్కుసూటి
ఆదివారం, రాత్రి 10:55

తాగేయండి. మూడింట ఒకటి పోయింది, ఆ కార్కును నమ్మి ఇంకో ఐదేళ్లు ఆగడం దండగ.

పాతపీపా
ఆదివారం, రాత్రి 11:12

నేనైతే ఆగుతాను. ఇవాళ్టి సీసాలో పులుపు అంత నిటారుగా ఉందంటే ఇంకా దూరం ఉంది. 2014 బుర్గుండీ తెల్ల వైన్లకు పేరు తెచ్చింది ఆ పులుపే. తెరవకుండానే కొంత తెలుసుకోవచ్చు కూడా. చీకట్లో సీసా మెడ వెనక టార్చి వెలిగించి రంగు చూడండి. గాజుకు కొంచెం పచ్చటి ఛాయ ఉంటుంది కాబట్టి విడిగా చూస్తే మోసపోతారు. అదే గాజు ఉన్న ఖాళీ సీసాలో నీళ్లు నింపి పక్కన పెట్టుకుని పోల్చండి. వైన్ మెడలో ఎంత ఎత్తున ఉందో కూడా చూడండి, కార్కు కారితే ముందు తగ్గేది అక్కడే.

ఇంకోటి. రాత్రి తాగిన గ్లాసులు కడగకుండా అలాగే వదిలేయండి, పొద్దున ఆరిన గ్లాసును వాసన చూడండి. చెక్క అసలు రూపం అప్పుడు తెలుస్తుంది.

నీలిసీసా
సోమవారం, ఉదయం 6:40

లేవగానే గ్లాసుల దగ్గరికే వెళ్లాను. పీపా తగలని దానిలో ఏమీ లేదు, వట్టి గాజు. ఆదివారం సీసా గ్లాసు అడుగున సన్నటి పొర ఎండి ఉంది. వాసన చూస్తే వెనీలా, లవంగం, కొంచెం పొగ, రాత్రి ఎంత వెతికినా దొరకనంత స్పష్టంగా. అంత చెక్క ఉండి కూడా నోట్లో ఎక్కడా విడిగా నిలబడలేదు! శనివారం సీసా గ్లాసులోనూ అదే లవంగం ఉంది, పీపా పని రెండింటిలోనూ ఒకటే. దాని మీద మెంతులు మాత్రం ఇంకా ఉన్నాయి.

తర్వాత కర్టెన్లు వేసి టార్చి పెట్టి చూశాను. మూడో సీసా మెడలో వైన్ కార్కు కింద రెండు వేళ్ల దూరంలో ఉంది. నీళ్ల సీసా పక్కన పెడితే కొద్దిగా పసుపు, అంతే. శనివారం సీసాలో అడుగున మిగిలిన కాస్తను ఏటవాలుగా పట్టుకుని దాని పక్కన పెట్టాను. అది గోధుమ రంగు. తేడా చూడగానే తెలిసిపోయింది.

మూడోదాన్ని మళ్లీ పడుకోబెట్టాను. రెండేళ్ల తర్వాత తెరిచి ఇక్కడే రాస్తాను.